బోరు మీది గాలి

నవంబరు 8, 2024. మక్తల్

షెడ్డుకు కంప్రెషర్ కావాలె. మోటర్ల వైండింగుల దుమ్ము ఊదాలె. గేట్లకు, ఇనుప మంచాలకు రంగు కొట్టాలె. బ్రష్షు పట్టీల మూలలకు అందదు. కొత్తదాని ధర అడిగిన. పాతదే చూడాలె.

నవంబరు 11

జక్లేర్ అవతల ఒక రైతు దగ్గర ఉన్నదని కబురు. బోరు మీద నడిచిన కంప్రెషర్. నీళ్లు తక్కువున్న బోర్లకు ఈ దిక్కు ఒకప్పుడు ఇవే దిక్కు. ఇప్పుడు కొట్టాలల్ల, గడ్డివాముల చాటున పడి ఉన్నయి.

నవంబరు 12

చూసి వచ్చిన. రెండు సిలిండర్లది. ఛానల్ ఫ్రేము మీద బిగించి ఉన్నది. ట్యాంకు లేదు. ఐదు హెచ్‌పీ త్రీ ఫేజు మోటరు. మీద ఎరువు సంచి కప్పిండు. సంచి తీస్తే ఫ్లైవీలు ఆకుల సందుల పిట్టగూడు. ఖాళీది. పేరు ప్లేటు అరిగిపోయింది. కోయంబత్తూరు అన్న మాట ఒక్కటే చదవొస్తున్నది.

బెల్టు తీసి ఫ్లైవీలు చేతితోని తిప్పిన. ఎక్కేటప్పుడు బరువు, దాటినంక తేలిక. రెండు సిలిండర్లకు ఒక్క తీరే. గాలి బయటికొచ్చే మూతికి బొటనవేలు అడ్డం పెట్టిన. వేలును నూకేసింది. రింగులు బాగున్నయి.

అదే రోజు, మాపు

గేజీ గురించి రాయాలె. అద్దం మీద ఎర్ర గీతలు ఉన్నయి. ఆరు కాడ ఒకటి, నాలుగు కాడ ఒకటి, రెండు కాడ ఒకటి. గోళ్ల రంగు.

"ఇవేంది కాకా?"

"బోరుల నీళ్లు బిడ్డా. మోటరు ఏసినంక ముల్లు యాడిదాక ఎక్కి ఆగుతదో, అన్ని నీళ్లున్నట్టు. ఎండకాలంల సూసి గీత పెట్టేటోన్ని. రంగు మా పిల్లది."

లెక్క సరిగ్గ ఉన్నది. గాలి పైపు మూతి నీళ్లల మునిగి ఉంటది. పైపుల నిండిన నీళ్లను కిందికి నూకితే తప్ప గాలి బయటపడదు. పది మీటర్ల నీళ్లకు ఒక కిలో. ఆరు కిలోలంటే పైపు మూతి మీద 60 మీటర్లు, దగ్గర దగ్గర 200 అడుగుల నీళ్లు. రెండు కిలోలంటే 66 అడుగులు. భూగర్భ జలాల వాళ్లు బోరు నీటిమట్టం కొలిచే పద్ధతులల్ల ఇది ఒకటి. ఆయినకు ఎవరూ నేర్పలే.

రెండు కాడి గీత తర్వాత గీత లేదు. "అప్పుడు గాలే వచ్చింది" అన్నడు.

నవంబరు 13

బోరులకు రెండు పైపులు దింపుతరు. సన్నది గాలికి, లావుది నీళ్లకు. అడుగున గాలి వదిలితే బుడగలు నీళ్లల కలుస్తయి. బుడగల నీళ్లు తేలికైతయి. చుట్టూ ఉన్న బరువు నీళ్లు వాటిని పైకి నెడతయి. బోరు లోపల తిరిగే ముక్క ఒక్కటి లేదు. ఇసుక వచ్చినా అరిగేది లేదు, నీళ్లు అయిపోయినా కాలేది లేదు. కరెంటు మాత్రం చానా తింటది.

1797ల జర్మనీ గనుల ఇంజినీరు కార్ల్ లోషర్ కనిపెట్టిండంటరు. అక్కడ గనుల నీళ్లు తోడనీకి. ఇక్కడ వరి మడికి.

నవంబరు 16

మళ్ల పోయిన. బేరం. ఆయిన పద్దెనిమిది వేలన్నడు. మోటరు నాకు పనికిరాదు, ఇంట్ల సింగిల్ ఫేజే. మోటరు ఆయినకే ఉంచి, కంప్రెషర్, ఫ్రేము, ఫ్లైవీలు తొమ్మిది వేలకు. గేజీ అడిగిన. కొద్దిసేపు చూసి, "గీతలు చెరపొద్దు మల్ల" అని ఇచ్చిండు.

చాయ తాగుకుంట చెప్పిండు. రాత్రి కరెంటు ఉన్న దినాలల్ల బోరు కాడనే పండేటోడంట. సప్పుడు నడుస్తుంటే నిద్ర పట్టేది, ఆగితే మెలకువ వచ్చేదంట. మొదటి నీళ్ల మీద నూనె తెట్టె తేలేది. ఎద్దులను అటు పోనిచ్చేటోడు కాదు.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు. అంతకుముందే భీమా ఎత్తిపోతల నీళ్లు. పంచదేవ్‌పహాడ్ కాడ జూరాల వెనక నీళ్లను ఎత్తి భూత్పూరు, సంగంబండ రిజర్వాయర్లకు పంపుతరు. మొత్తం పథకం 20 టీఎంసీలు, రెండు లక్షల ఎకరాలు. ఆయిన చేను కాలువ ఆయకట్టుల లేదు. కాలువకు దిగువన ఉన్నది. బోరుల ఊట పెరిగింది. సబ్‌మెర్సిబుల్ దింపిండు. కంప్రెషర్ మీద సంచి కప్పిండు.

నవంబరు 17

ట్రాలీ ఆటోల తెచ్చినం. దించనీకి నలుగురు. నాయిన కుర్చీ బయట ఏసుకొని చూసిండు.

నాయినకు చెవులు వినబడయి. శ్రీశైలం డ్యాం పనిల జాక్‌హ్యామర్ పట్టిండు. అప్పుడు పాలమూరు లేబరంటే మట్టి, రాయి. చెవులల్ల దూది పెట్టుకునేటోళ్లంట, అంతే. నెహ్రూ 1963ల శంకుస్థాపన చేసిన డ్యాం అది. నాయిన చేరేనాటికి గోడ లేస్తున్నది.

కంప్రెషర్ చూసి, "ఇది చిన్నది" అన్నడు. "మాది ఇల్లంత ఉంటుండె."

నవంబరు 20

హెడ్డు విప్పిన. వాల్వు ప్లేటు మీద మసి గట్టిపడ్డది. ఇత్తడి బ్రష్షుతోని, కిరసనాయిలుతోని తీసిన. పలకల వాల్వుల్ల ఒకటి అంచు కాడ వంగింది. కొత్తవి ఏస్తే రెండు సిలిండర్లకూ ఏయాలె.

నూనె పాలలెక్క తెల్లగ వచ్చింది. తేమ కలిసిన నూనె. ఇంజను ఆయిలు పోయొద్దు, వేడికి మసి కడతది. కంప్రెషర్ ఆయిలు వీజీ 100 దొరికింది.

హెడ్డు బోల్టులు ఎదురెదురుగ బిగించాలె. ఒక వరసల పోతే గాస్కెట్టు ఒక పక్కకు నలుగుతది.

నవంబరు 24

బెల్టులకు, వాల్వు పలకలకు రాయచూరు పోయిన. రైలుల. జక్లేర్ నుంచి కృష్ణ దాక 37 కిలోమీటర్ల లైను 2023 అక్టోబరు 1న మొదలైంది. మక్తల్‌ల ఎక్కి, కృష్ణ స్టేషను దాటి, నది మీద వంతెన దాటితే కర్ణాటక. నదిల బండలు తేలి ఉన్నయి.

బొంబాయి నుంచి వచ్చిన పట్టాలు, మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు రాయచూరుల కలిసింది 1871ల. అదే ఏడు ఆల్ప్స్ కొండల కింద మొంట్ సెనీ సొరంగం తెరిచిండ్రు. అందుల 1861 నుంచి గాలి డ్రిల్లులు నడిచినయి. చేతి సుత్తెతోని చేస్తే ఇంకెన్నో ఏండ్లు పట్టే పని. డ్రిల్లులు పెట్టిన ఇంజినీరు సొమెయ్యే తెరిచే దినం చూడలే, రెండు నెలల ముందు చనిపోయిండు. నాయిన పట్టిన మిషను అక్కడి నుంచి వచ్చిందే.

షాపుల కన్నడ, తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడిండ్రు. బెల్టు నంబరుకు ఏ భాషా అక్కర్లే.

నవంబరు 28

పుల్లీ లెక్క. పాత మోటరుకు ఏడు అంగుళాల పుల్లీ. ఫ్లైవీలు 12 అంగుళాలు. మోటరు 1,440 చుట్లు తిరిగితే కంప్రెషర్ 840. దీనికి ఐదు హెచ్‌పీ కావాలె. నా దగ్గర పెట్టేది మూడు హెచ్‌పీ సింగిల్ ఫేజు. నాలుగు అంగుళాల పుల్లీ పెడితే 480 చుట్లు. గాలి తగ్గుతది, బలమూ అంతే తగ్గుతది. మోటరుకు సరిపోతది.

లేతు షాపాయన ఇంకా తగ్గించొద్దన్నడు. క్రాంకు కింద చిన్న గరిట ఉంటది. అది నూనెను చిమ్మితేనే సిలిండర్ గోడలు తడుస్తయి. మెల్లగ తిరిగితే చిమ్మదు. ఇది నాకు కొత్త. రాసిపెట్టుకున్న.

డిసెంబరు 3

ఇగ ట్యాంకు. అసలు పని ఇది.

మోటరు కాలితే చుట్టొచ్చు. రింగులు అరిగితే మార్చొచ్చు. ట్యాంకు చెడిపోతే మనిషి పోతడు. 40 సెంటీమీటర్ల వెడల్పు ట్యాంకు, ఎనిమిది కిలోల గాలి. చివరి డిప్ప ఒక్కదాని మీద పది టన్నుల తోపుడు. 160 లీటర్లల్ల బయటి గాలి 1,280 లీటర్లు అదనంగ కుక్కినట్టు. చీలితే అంతా ఒక్కసారి బయటికొస్తది.

డిసెంబరు 5

హైవే మీద పంక్చరు షాపు. ట్యాంకు ఒకటి ఇస్తనన్నడు, కొత్తది కొంటడంట. అడుగున అతుకు. వెల్డింగు పూస మీద వెండి రంగు. చేతితోని తడిమితే తెలుస్తున్నది.

"మూడేండ్ల సంది నడుస్తున్నదన్నా, ఏం గాలే."

నీళ్లు తీసే కాకు విప్పమన్న. పట్టుకపోయింది, తిరగలే. ఎన్ని దినాలైంది విప్పక అంటే నవ్విండు. తీసుకోను అన్న. నువ్వూ వాడొద్దు అన్న. పక్కనే లారీ టైరుకు గాలి పడుతున్నది.

డిసెంబరు 9

మహబూబ్‌నగర్ పాతసామాను దుకాణాలల్ల తిరిగిన. గ్యాసు సిలిండరుకు మూతి కోసి కంప్రెషర్ ట్యాంకు చేసింది చూపెట్టిండ్రు. అది గాలి తేమకు చేసింది కాదు, అడుగున నీళ్లు తీసే దారి లేదు. వద్దు.

టైర్ల రీట్రేడింగు షాపు మూసిన వాళ్ల దగ్గర 160 లీటర్ల ట్యాంకు ఉన్నది. ప్లేటు చెక్కుచెదరలే. వర్కింగు ప్రెషరు, టెస్టు ప్రెషరు, చేసిన ఏడు అన్నీ ఉన్నయి. అడుగు కాకు ఇత్తడిది, సులువుగ తిరిగింది. పక్కన చెయ్యి పట్టేంత మూత ఉన్నది. విప్పి టార్చి ఏసి చూసిన. అడుగున ఎర్రటి పొడి, గుంటలు లేవు. వేలు పెట్టి తుడిస్తే నునుపే. ఏడు వేలు.

డిసెంబరు 14

జాతర దినాలు. పడమటి ఆంజనేయస్వామి గుడి దిక్కు రాత్రంత లైట్లు. లేతు షాపు మూసిండు. ట్యాంకు టెస్టు ఆగింది. షెడ్డు ముందల ఎడ్ల బండ్లు, ట్రాక్టర్లు. ఒక పిల్లగాడు ట్యాంకు మీద రాయితోని కొట్టి గంట అనుకున్నడు. మంచి సప్పుడు. సన్నబడ్డ రేకు అట్ల మోగదు.

డిసెంబరు 19

టెస్టు చేసినం. గాలితోని కాదు, నీళ్లతోని. ట్యాంకు నిండ నీళ్లు పోసి, లోపల గాలి బుడగ లేకుంట చేసి, చేతి పంపుతోని 15 కిలోల దాక ఎక్కించినం. నీళ్లు నలగయి. ట్యాంకు చీలినా నాలుగు చుక్కలు చిమ్ముతయి, అంతే. గాలి అట్ల కాదు.

ముల్లు అరగంట కదలలే. పూసలన్నిటి మీద పొడి గుడ్డ తిప్పిన. తడి లేదు.

ఫ్యాక్టరీల అయితే ప్రెషరు ట్యాంకులకు 1948 ఫ్యాక్టరీల చట్టంల 31వ సెక్షన్ ఉన్నది. ఇంటి షెడ్డుకు, పంక్చరు షాపుకు అడిగేటోళ్లు రారు. మనమే అడుక్కోవాలె.

డిసెంబరు 26

బిగింపు. కంప్రెషర్ నుంచి ట్యాంకుకు రాగి పైపు, వేడి తట్టుకోనీకి. ట్యాంకు మూతి కాడ నాన్ రిటర్న్ వాల్వు. ప్రెషర్ స్విచ్ ఐదున్నరకు ఆన్, ఏడుకు ఆఫ్. కొత్త సేఫ్టీ వాల్వు ఎనిమిదికి. కొత్త గేజీ.

స్విచ్ పక్కన చిన్న గొట్టం. మోటరు ఆగంగనే పైపుల మిగిలిన గాలిని బయటికి వదులుతది. లేకుంటే మళ్ల స్టార్టయేటప్పుడు పిస్టన్ గాలి మీద ఎక్కాలె, సింగిల్ ఫేజు మోటరు మూలుగుతది. బోరు మీద ఇది అవసరం లేకుండె. అక్కడ ఒకసారి ఏస్తే కరెంటు పోయేదాక నడుసుడే.

పాత గేజీ గోడకు మొల కొట్టి పెట్టిన. గీతలు చెరపలే.

డిసెంబరు 28

కరెంటు. మూడు హెచ్‌పీకి 15 ఆంపుల దాక లాగుతది, స్టార్టుల ఇంకా ఎన్నో రెట్లు. మీటరు నుంచి వేరే లైను, నాలుగు స్క్వేరు రాగి తీగ. లోడు పెంచుమని అర్జీ పెట్టిన.

మోటరు తిరిగే దిక్కు చూసుకోవాలె. ఫ్లైవీలు ఆకులు సిలిండర్ల దిక్కు గాలి కొట్టాలె. ఉల్టా తిరిగినా గాలి నిండుతది. సిలిండర్లు మాత్రం కాలిపోతయి. ముందల కాగితం ముక్క పట్టి చూసిన. కాగితం సిలిండరుకు అతుక్కున్నది. సరే.

డిసెంబరు 30

మొదటిసారి నిండింది. పక్కింటి బర్రె మోటరు సప్పుడుకు తల ఎత్తలే. ఆగినప్పుడు వచ్చే పుస్సుకు ఎత్తింది. మూడోసారికి అదీ మానింది.

నాయిన వచ్చి ట్యాంకు మీద అరచెయ్యి పెట్టిండు. కండ్లు మూసుకున్నడు. "ఒక కాలు ఆనుతలేదు" అన్నడు. నేను నిలబడి వింటే తెలవలే. కాగితం పెట్టి చూసిన. గోడ దిక్కు వెనక కాలు కింద కాగితం అటు ఇటు జరిగింది. రబ్బరు ముక్క పెట్టినం. ఆ వణుకు అట్లనే ఉంటే కాలు వెల్డింగు కాడ ట్యాంకు పగుళ్లు ఇస్తది.

మళ్ల చెయ్యి పెట్టి, తల ఊపి పోయిండు.

జనవరి 4, 2025

గోడ పొంటి లైను. ప్లంబరు పీవీసీ పైపు ఏస్తనన్నడు, సగం ధర. నీళ్లకు మంచిదే. గాలికి పెడితే పగిలినప్పుడు ముక్కలు కత్తుల తీరు ఎగురుతయి. జీఐ పైపే ఏయించిన. కొంచెం వాలు, చివర కిందికి ఒక కాలు, దానికి కాకు. ప్రతి కుళాయి పైపు పై మొఖం నుంచి తీయించిన. నీళ్లు అడుగున పోతయి, గాలి పైన వస్తది.

జనవరి 6

అన్ని జాయింట్ల మీద సబ్బు నురగ. రెండు కాడ బుడగ. విప్పి టేపు చుట్టినం. రాత్రి ఏడు కిలోలు ఉంచి, పొద్దుగాల చూసిన. ఆరుంపావు. ఇంకా ఒకటి ఎక్కడనో ఉన్నది.

జనవరి 7

దొరికింది. గేజీ మెడ కాడ.

జనవరి 13

రేపు సంక్రాంతి. పత్తి మిల్లుల పనిచేసే పిల్లలు ఇద్దరు వచ్చిండ్రు. బట్టల నిండ, జుట్టు నిండ దూది. "అన్నా, జర గాలి కొట్టు, ఇంటికి పోతం." మిల్లుల అట్లనే దులుపుకుంటరంట.

కొట్టను అన్న. గాలి చర్మం కిందికి పోతది. కంట్ల పోతది, చెవుల పోతది. ఎనకాల పెట్టి పరాచికమాడితే పేగులు చీలి చచ్చిపోయినోళ్లు మన దేశంల ఉన్నరు, పేపర్లల్ల వస్తనే ఉంటది. అమెరికాల మిషన్లు తుడిచే గాలికే 30 పీఎస్ఐ, అంటే రెండు కిలోలకు హద్దు పెట్టిండ్రు. మనిషి మీద అసలే వద్దు.

చీపురు ఇచ్చిన. ఒకరినొకరు దులుపుకొని పోయిండ్రు. షెడ్డు తలుపు మీద పెద్దగ రాసిన: మనిషి మీద గాలి కొట్టొద్దు.

జనవరి 18

మొదటి మంచం. ముందల గాలితోని దుమ్ము తీసి, ప్రైమరు, మీద నీలం. పట్టీలు కలిసే మూలలల్ల కూడ పలుచగ పడ్డది. మధ్యల ఒక కాడ చిన్న చిన్న గుంటలు, చేప కండ్ల తీరు. లైనుల నీళ్లు. చివరి కాలు కాకు తిప్పితే అర గ్లాసు తుప్పు నీళ్లు.

చలికాలమే ఇట్లుంటే వానాకాలం ఎట్ల? 30 డిగ్రీల వేడిల, వాన దినాలల్ల, ఘనపు మీటరు గాలిల 20 గ్రాముల పైన నీళ్లు ఉంటయి. దాన్ని ఎనిమిదో వంతుకు నొక్కి చల్లారిస్తే చానామట్టుకు రాలిపోతయి. జూన్‌కు ముందల ఇంకో ఫిల్టరు పెట్టాలె. ట్యాంకు నీళ్లు రోజూ మాపు తీయాలె.

ఫిబ్రవరి 2

రైతు వచ్చిండు. ఏదో పని మీద మక్తల్ వచ్చినోడు, చూసి పోతనన్నడు. నడిపించి చూపిన. చాన మెల్లగ తిరుగుతున్నదన్నడు. అప్పుడు ఉరుకుతుండె అన్నడు. గోడ మీది గేజీ చూసిండు. బోరుల ఇప్పుడు ఎంత ఉన్నయో కొలవనీకి లేదంట, సబ్‌మెర్సిబుల్‌కు గేజీ ఉండదు. ఈ ఎండకాలం తాడుకు బరువు కట్టి దింపి చూస్తనన్నడు. ఆయినకు ఇంకో గీత కావాలె.

ఇనుప గేటు ఒకటి రంగు కొట్టాలన్నడు. పైసలు వద్దన్న. జొన్నలు పంపుతనన్నడు.

ఫిబ్రవరి 9

పంక్చరు షాపు మీదికెళ్లి పోతుంటే ఆ ట్యాంకు ఇంకా నడుస్తున్నది. ఆగిన. చేతి పంపు తెస్త, నీళ్లతోని చూద్దాం, పైసలు వద్దు అన్న. గిరాకీ పోతదన్నడు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఇయ్యి చాలు అన్న. ఊ అనలే, ఊహూ అనలే.

ఫిబ్రవరి 16

ఆయినే ఫోను చేసిండు.

ట్యాంకు విప్పి, అడుగు పైకి వచ్చేటట్టు బోర్లేసి నీళ్లు నింపినం. పట్టుకపోయిన కాకు కోసి తీయాల్సి వచ్చింది. లోపలి నుంచి నల్లటి జిగట. పంపు కొట్టిన. ఐదు, ఆరు, ఏడు. ఏం లేదు. ఆయిన నా మొఖం చూస్తున్నడు. ఎనిమిది. ఆయిన రోజూ నడిపేది ఇక్కడిదాకనే. తొమ్మిది దాటుతుంటే వెండి రంగు కింది నుంచి దారమంత నీళ్లు లేచినయి. సన్నగ, నిట్టనిలువుగ, మా ఇద్దరి మోకాళ్ల ఎత్తు. ముల్లు పడిపోయింది.

ఆయిన వంగి నీళ్లు వచ్చే కాడ వేలు పెట్టిండు. వేలు పక్క నుంచి చిమ్మింది.

ఫిబ్రవరి 18

ట్యాంకును కట్టరుతోని నిలువుగ కోసిండ్రు. అతుకు చుట్టు రేకు గోరుతోని గీకితే పొరలు లేస్తున్నది. పైసగం పక్క హోటలాయన బర్రెల తొట్టికి తీసుకపోయిండు. కిందిసగం షాపు ముందల పెట్టుకున్నడు, ఎవరన్న అడిగితే చూపెడతనన్నడు.

హైవే మీద పంక్చరు షాపులు ఇంకా ఉన్నయి. చేతి పంపు ఆయిన దగ్గరనే ఉంచిన. వచ్చే ఆదివారం పక్క షాపుది చూస్తరంట.